ఇసుక కొండల్లో బండి, బస

ఇసుక దిబ్బల అంచుకు చేరగానే చేయాల్సిన మొదటి పని టైర్లలో గాలి తీసేయడం. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉన్న టైరును 15కో 18కో దించాలి. కొత్తవాళ్ళకు దీనికి మనసొప్పదు. గాలి తగ్గితే టైరు పాడవుతుందని పంక్చర్లు వేసేవాళ్ళ దగ్గర నుంచి అందరూ చెప్పిన మాటే కదా. తారు రోడ్డుకు ఆ మాట నిజం. ఇసుకలో మాత్రం గట్టి టైరంటే దిగబడే టైరు.

లెక్క చిన్నదే. రెండు టన్నుల జీపులో ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోల బరువు పడుతుంది. టైరులో గాలి ఒత్తిడి ఎంతో, టైరు నేలను నొక్కే ఒత్తిడి కూడా దాదాపు అంతే. 35 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. ఆ ఒత్తిడి మీద 500 కిలోలు మోయడానికి 200 చదరపు సెంటీమీటర్ల జాగా చాలు, టైరు అంత మేరే నేలకు ఆనుతుంది. 15కి దించితే చదరపు సెంటీమీటరుకు పడేది కిలో. ఇప్పుడు అదే బరువు ఆగాలంటే టైరు అణిగి 470 చదరపు సెంటీమీటర్ల మేర పరుచుకోవాలి. టైరు గోడల బిగువు వల్ల అసలు అంకెలు కొంత అటూఇటూ అవుతాయి గానీ సూత్రం ఇదే. పైగా పెరిగే జాగా వెడల్పులో కంటే పొడవులోనే ఎక్కువ. అందువల్ల చక్రం తన ఎదుట ఇసుకను గుట్టగా తోసుకోకుండా దాని మీదికి ఎక్కి సాగిపోతుంది.

ఇసుక దిబ్బల యాత్రకు ఏమేం సర్దుకోవాలో చెప్పే జాబితాలు ఎన్నైనా దొరుకుతాయి. పార, తాడు, కంప్రెసర్, నీళ్ళు, జెండా... అన్నీ అవసరమే. అయితే జాబితా చూసి సర్దుకున్నవాడికి అందులో లేనిది ఎదురైతే ఏం చేయాలో తోచదు. ఇసుక రేణువు ఎలా కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసినవాడికి జాబితాలో సగం తనంతట తనకే తడుతుంది. కాబట్టి సామాన్ల సంగతి తర్వాత, ముందు ఇసుక సంగతి చూద్దాం.

ఎక్కడిదీ ఇసుక?

అమెరికాలో, కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఇంపీరియల్ ఇసుక దిబ్బలున్నాయి. వీటికి అల్గొడోన్స్ దిబ్బలని ఇంకో పేరు. బండ్లు నడిపేవాళ్ళు మాత్రం రైలు పట్టాల పక్కనున్న చిన్న స్థావరం పేరుతో 'గ్లామిస్' అనేస్తారు. పొడవు 64 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు సగటున 8 కిలోమీటర్లు. పెద్ద దిబ్బలు 90 మీటర్ల ఎత్తు దాకా లేస్తాయి. శాన్ డియాగో నుంచి సుమారు 240 కిలోమీటర్లు. దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వారాంతంలో వెళ్ళిరాదగ్గ దూరమే.

ఇంత ఇసుక అక్కడ ఎలా పోగైంది? కొలరాడో నది తెచ్చిపెట్టింది. ఆ నది మామూలుగా దక్షిణాన సముద్రంలో కలిసేది. కానీ తన ఒండ్రు తనకే అడ్డుపడి, గతంలో చాలాసార్లు దారి మళ్ళి పడమటి పల్లంలోకి పారింది. అప్పుడల్లా అక్కడ కహూయా అనే పెద్ద సరస్సు ఏర్పడేది. నది మళ్ళీ పాత దారి పట్టగానే సరస్సు ఎండిపోయేది, తీరం ఇసుక ఎండకు తేలేది. పడమటి నుంచీ వాయవ్యం నుంచీ వీచే గాలి ఆ ఇసుకను తూర్పుకు తరలించింది. ఇదంతా పురాతన గాథ అనుకోనక్కర్లేదు. 1905లో ఒక కాలువ గండి పడి నది అదే పల్లంలోకి రెండేళ్ళ పాటు పారితే పుట్టిందే నేటి సాల్టన్ సీ.

గాలికి ఇసుక ఎగురుతుందని అనుకుంటాం. ఎగిరేది దుమ్ము, ఇసుక గెంతుతుంది. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటాక రేణువు నేల వదిలి లేస్తుంది, గాలి తోపుకు ముందుకు సాగుతుంది, ఏటవాలుగా వచ్చి పడుతుంది. పడ్డచోట ఇంకొన్నిటిని లేపుతుంది. గెంతలేని పెద్ద రేణువులు ఈ దెబ్బలకే నేల మీద పాకుతూ జరుగుతాయి. తనకు ఐదారు రెట్ల వ్యాసమున్న రేణువును కూడా గెంతే రేణువు కదపగలదని లెక్క తేల్చినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్.

ఈయన గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. బ్రిటిష్ సైన్యంలో ఇంజినీరు. 1920లలో ఈజిప్టులో పనిచేస్తూ సెలవు దొరికితే చాలు, స్నేహితులతో ఫోర్డు కార్లు వేసుకుని లిబియా ఎడారిలోకి పోయేవాడు. కార్లు పోలేవని అందరూ తీర్మానించిన ఇసుక సముద్రాన్ని టైర్లలో గాలి తగ్గించి, వేగం అందుకుని దాటవచ్చని ఆయన బృందం చూపించింది. దిగబడ్డ చక్రం కింద పెట్టడానికి ఇనప రేకులు, రేడియేటరు ఆవిరిని మళ్ళీ నీరుగా పట్టుకునే డబ్బా, అయస్కాంతంతో పని లేని సూర్య దిక్సూచి, ఇవన్నీ ఆ యాత్రల్లో పదునెక్కిన ఉపాయాలే. ఇప్పుడు దుకాణాల్లో రంగురంగుల ప్లాస్టిక్‌లో అమ్మే ట్రాక్షన్ బోర్డులు ఆ రేకుల మనవలు. సైన్యం నుంచి బయటికొచ్చాక లండన్‌లో గాలి సొరంగం కట్టి, ఎడారిలో చూసిందాన్ని కొలిచి చూశాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకాన్ని గాలికి కదిలే ఇసుక మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటారు. సరదాగా తిరగడానికి వెళ్ళి ఒక శాస్త్రానికి పునాది వేసి వచ్చినవాళ్ళు చరిత్రలో ఎక్కువమంది ఉండరు.

దిబ్బకు రెండు ముఖాలు

దిబ్బ మీద బండి నడపడానికి ముందు తెలియాల్సింది దాని వాలు. గాలి వచ్చే వైపు వాలు మెత్తగా, 10 నుంచి 15 డిగ్రీలుంటుంది. రేణువులు ఆ వాలు మీదుగా గెంతుతూ శిఖరం చేరి అవతలి వైపు గాలి నీడలో పడిపోతాయి. కళ్ళంలో ధాన్యం పోసేటప్పుడు రాశి ఒక వాలు దాకా నిలిచి, ఆపైన పోసిందంతా జారిపోవడం చూసే ఉంటారు. ఇసుకకు ఆ వాలు 32 నుంచి 34 డిగ్రీలు. కాబట్టి దిబ్బ వెనక వైపు ఎప్పుడూ జారడానికి సిద్ధంగా ఉంటుంది. గాలి వైపు ఇసుక గెంతే రేణువుల దెబ్బలకు కుదురుకుని గట్టిపడుతుంది. జారుడు వైపు రాలి పడిన ఇసుక వదులుగా ఉంటుంది. ఎక్కడానికి గాలి వైపు, దిగడానికి జారుడు వైపు అన్న అనుభవజ్ఞుల మాటకు కారణం ఇదే.

ప్రమాదమంతా శిఖరం దగ్గర. మెత్తటి వాలు మీద జోరుగా వచ్చినవాడికి అవతల ఏముందో కనబడదు. అవతల 34 డిగ్రీల జారుడు ఉండవచ్చు. గాలి సుడి తిరిగి తొలిచిన గరాటు ఆకారపు గుంట ఉండవచ్చు. గాలి దిక్కు మారి రెండు వైపులా నిలువుగా చెక్కిన కత్తి అంచు లాంటి శిఖరమే ఉండవచ్చు. దీన్ని అక్కడివాళ్ళు రేజర్‌బ్యాక్ అంటారు. అన్నిటికంటే చెడ్డది, అటువైపు నుంచి ఇంకో బండి ఎక్కి వస్తూ ఉండవచ్చు. అందుకే శిఖరానికి కొంచెం ముందే వేగం తగ్గించి, బండిని పక్కకు ఒరిగేలా కాకుండా శిఖరానికి సమాంతరంగా తిప్పుకుని, అవతల చూసుకుని దిగాలి. నిన్న దిగిన దారే కదా అనుకోకూడదు. రాత్రి గాలి వీచి ఉంటే నిన్నటి దిబ్బ ఈరోజు దిబ్బ కాదు.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వాలుకు నిటారుగా పోవాలి. అడ్డంగా పోతే బరువు కింది వైపు చక్రాల మీద పడుతుంది, అవి మరింత దిగుతాయి, ఒరుగు పెరుగుతుంది, బండి దొర్లుతుంది. దిగుతుంటే వెనక భాగం పక్కకు జారుతోందని భయపడి బ్రేకు తొక్కేవాళ్ళున్నారు. తొక్కకూడదు. కాస్త యాక్సిలరేటరు ఇస్తే ముందు చక్రాలు బండిని మళ్ళీ వాలుకు నిటారుగా లాగుతాయి.

బ్రేకుల గురించి ఇంకో సంగతి. చదునైన ఇసుకలో ఆగాలంటే యాక్సిలరేటరు వదిలేసి బండి దానంతట అదే ఆగేలా చూడాలి. గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాలు ఇసుకను గుట్టగా పోగేస్తాయి, మళ్ళీ కదిలేటప్పుడు ఆ గుట్ట ఎక్కాల్సింది మీరే. వీలైతే ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపాలి.

బండికి 8 అడుగుల జెండా కర్ర ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఇంపీరియల్ దిబ్బల్లో అది చట్టం. నేల నుంచి 8 అడుగుల ఎత్తులో ఎర్రటిదో నారింజ రంగుదో జెండా ఆడుతూ ఉండాలి. శిఖరానికి అటొకరు ఇటొకరు ఎక్కుతున్నప్పుడు బండ్లు ఒకదానికొకటి కనబడవు. ముందుగా కనబడేది జెండా కొస ఒక్కటే. ఆ ఒకటి రెండు సెకన్లే రెండు కుటుంబాలకు మధ్య ఉన్న అడ్డు. లావు టైర్ల చిన్న బండ్లైన ఏటీవీలు నడిపేవాళ్ళకు హెల్మెట్ కూడా అక్కడ తప్పనిసరి.

వెలుతురు సంగతి జాబితాల్లో అరుదుగా కనిపిస్తుంది, నా లెక్కలో మాత్రం దాని చోటు జెండా పక్కనే. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలు ఉండవు. నీడ లేకపోతే ఒకే రంగు ఇసుకలో ఎత్తూ పల్లమూ కంటికి తెలియవు, ఎదురుగా నాలుగు మీటర్ల గోతి ఉన్నా చదునుగానే అనిపిస్తుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో ప్రతి మడతా నీడతో సహా కనిపిస్తుంది. తొలిసారి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నాన్ని భోజనానికీ నిద్రకూ వదిలేయడం మంచిది. సాయంత్రమైతే సూర్యుడికి ఎదురుగా నడపకుండా చూసుకోవాలి.

పొద్దున పూట నడపడానికి ఇంకో కారణం రాత్రి పట్టిన తడి. పొడి ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి తప్ప వేరే బంధం లేదు. చిటికెడు తడి తగిలితే రేణువుల మధ్య సన్నని నీటి వంతెనలు ఏర్పడి వాటిని దగ్గరకు లాగుతాయి. మరీ ఎక్కువైతే వంతెనలు కలిసిపోయి పట్టు పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2014లో దీన్ని కొలిచారు. ఇసుక మీద స్లెడ్జిని లాగడానికి కావాల్సిన బలం సరైన పాళ్ళలో తడి ఉంటే సగానికి తగ్గింది. ప్రాచీన ఈజిప్టులో పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే ముందు నిలబడి ఒకడు నీళ్ళు పోస్తున్న బొమ్మ ఒక సమాధి గోడ మీద ఉంది. చాలాకాలం దాన్ని పూజ అనుకున్నారు. వాన కురిసిన మర్నాడు దిబ్బలు నడపడానికి ఎందుకంత హాయిగా ఉంటాయో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

టైరు ఒత్తిడి కూడా రోజంతా ఒకేలా ఉండదు. చలి పొద్దున 15కి దించిన టైరులో గాలి 20 డిగ్రీలు వేడెక్కితే 17 అవుతుంది. బండి పొద్దున పోయినట్టు మధ్యాహ్నం పోవడం లేదంటే ఇంజిన్‌ను అనుమానించే ముందు గేజి పెట్టి చూడండి. అలాగని మరీ దించెయ్యకూడదు. జీపు టైరు 10కి కిందికి వస్తే గట్టి మలుపులో రిమ్ము నుంచి ఊడి వస్తుంది. ఏటీవీలు తేలిక కాబట్టి వాటికి 5 నుంచి 8 సరిపోతుంది. వెనక ప్యాడిల్ టైర్లున్న బండ్లది మరో పద్ధతి, అవి ఇసుకను తెడ్డుతో తోసినట్టు వెనక్కి తోసుకుంటూ పోతాయి.

దిగబడితే

ఎంత తెలిసినా దిగబడకుండా ఎవరూ తిరిగి రారు. ఇసుక బలమంతా పైనుంచి పడే బరువు వల్ల వచ్చే రాపిడిలో ఉంది. చక్రం తిరుగుతూ బండి కదలనప్పుడు ఆ రాపిడి తెగిపోతుంది, చక్రం తన కింది ఇసుకను తోడి వెనక్కి విసురుతుంది. ఇంకొంచెం యాక్సిలరేటరు ఇస్తే ఇంకొంచెం లోతు. ఇరుసు ఇసుక మీద కూర్చున్నాక బరువు చక్రాల మీద ఉండదు, ఇక ఎంత తిప్పినా లాభం లేదు. బండి ముందుకు పోవడం లేదని అనిపించిన క్షణాన కాలు తీసేయడమే అసలు విద్య. వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్ళి చూడాలి, అక్కడి ఇసుక మీ చక్రాలే నొక్కి గట్టిచేసినది. కుదరకపోతే దిగి, చక్రాల ముందూ వెనకా, బండి కడుపు కిందా తవ్వి, గాలి ఇంకొంచెం తీసి, బోర్డులు పెట్టాలి. పావుగంట తవ్వడానికి బద్ధకించి ఐదు నిమిషాలు చక్రాలు తిప్పినవాళ్ళు తర్వాత రెండు గంటలు తవ్వుతారు.

ఇంకో బండితో లాగించేటప్పుడు ఒక హెచ్చరిక ఉంది. ట్రైలరు తగిలించే టో బాల్‌కు తాడు కట్టకూడదు. సాగే తాడులో నిలవైన శక్తి ఆ గుండును విరగగొడితే అది తుపాకీ గుండులా మనుషుల మీదికి వస్తుంది. లాగడానికని ప్రత్యేకంగా బిగించిన కొక్కేలకే కట్టాలి. చుట్టూ ఉన్నవాళ్ళు తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి.

ఈ దిగబాటు అంగారకుడి మీదా తప్పలేదు. నాసా పంపిన స్పిరిట్ రోవర్ 2009లో పలచని పెచ్చు కింద ఉన్న మెత్తటి ఇసుకలో దిగబడింది. లాగడానికి అక్కడ ఇంకో బండి లేదు. నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. 2010 మార్చి తర్వాత దాని సంకేతాలు ఆగిపోయాయి. తర్వాతి రోవర్ క్యూరియాసిటీ విషయంలో శాస్త్రవేత్తలు జాగ్రత్తపడ్డారు. 2012లో అది అంగారకుడి మీద దిగడానికి మూడు నెలల ముందు, దాని నమూనా బండిని కాలిఫోర్నియాలోనే మరో చోట ఉన్న డ్యూమాంట్ దిబ్బల మీద ఎక్కించి దించి చూశారు. బండి ప్రియులు సెలవుల్లో తిరిగే దిబ్బలే అవి. ఆ నమూనాకు మెదడు లాంటి కంప్యూటరు పెట్టలేదు, అందుకని దానికి స్కేర్‌క్రో, అంటే దిష్టిబొమ్మ, అని పేరు. క్యూరియాసిటీ 2015 చివర్లో చేరిన అంగారక దిబ్బలకు పెట్టిన పేరు బాగ్నోల్డ్ దిబ్బలు.

ఎప్పుడు, ఎంతవరకు

ఇంపీరియల్ దిబ్బల్లో తిరిగే కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. వేసవిలో 43 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు, ఇసుక పైపొర అంతకంటే చాలా ఎక్కువ కాగుతుంది, ఆ నెలల్లో సరదా ప్రయాణం పెట్టుకోవడం తెలివితక్కువ. శీతాకాలంలో పగలు 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండి హాయిగా ఉంటుంది. ఈ దిబ్బలు ప్రభుత్వ భూముల సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అధీనంలో ఉన్నాయి. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు పర్మిట్ కొనాలి. గాజు సీసాలు తేకూడదు. శిబిరాల దగ్గర గంటకు 15 మైళ్ళు దాటకూడదు. ఒకచోట 14 రోజులకు మించి బస చేయకూడదు.

థాంక్స్‌గివింగ్ పండుగ వారాంతంలో లక్షమందికి పైగా చేరతారు. ఎడారి మధ్యలో రాత్రికి రాత్రి నగరం లేస్తుంది. పేరున్న ఎత్తైన దిబ్బల దగ్గర చీకటి పడ్డాక పందేలు, దీపాలు, మద్యం అన్నీ కలుస్తాయి. చూడడానికి బాగుంటుంది. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆ రోజులు వద్దనే నా సలహా. జనవరిలో మామూలు మంగళవారం వెళితే అదే ఇసుక, అదే ఎండ, పదో వంతు జనం.

దిబ్బలన్నీ బండ్లకు కావు. 78వ నంబరు రహదారికి ఉత్తరాన ఉన్న భాగంలో చాలామటుకు 1994 నుంచి రక్షిత ప్రాంతం, అక్కడ నడక తప్ప బండి లేదు. దక్షిణాన కూడా కంచె వేసిన ప్రాంతాలున్నాయి. చిక్కుడు కుటుంబానికి చెందిన పియర్సన్ మిల్క్‌వెచ్ అనే మొక్క ఇక్కడి దిబ్బల్లో పెరుగుతుంది. 1998లో దాన్ని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. ఇసుకలోనే బతికే ఒక బల్లి కూడా ఉంది. దాని వేళ్ళ అంచుల్లో పొలుసుల కుచ్చులుంటాయి, పాదం ఆనే జాగా వాటితో పెరిగి ఇసుకలో కూరుకుపోకుండా పరుగెత్తుతుంది. టైరులో గాలి తగ్గించే కిటుకు మనకన్నా లక్షల ఏళ్ళ ముందే దానికి తెలుసు.

ఇసుక మీద జాడ ఒక్క గాలితో చెరిగిపోతుంది కదా, ఎక్కడ నడిపితే ఏమిటి అనేవాళ్ళకు ఒక జవాబుంది. కదిలే ఇసుక మీద నిజంగానే చెరిగిపోతుంది. కానీ దిబ్బల చుట్టూ ఉన్న గులకరాళ్ళ నేల అలాంటిది కాదు. 1942లో జనరల్ ప్యాటన్ సైనికులకు ఎడారి యుద్ధం నేర్పడానికి తిప్పిన ట్యాంకుల జాడలు కాలిఫోర్నియా ఎడారిలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. మన భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలదీ ఇదే కథ. అవి ఒకప్పుడు గాలి పోసిన తీర ఇసుకే అయినా ఇనుప ఆక్సైడ్లు రేణువులకు ఎర్రగా పట్టి గట్టిపరిచాయి. ఇక కదలని ఆ ఇసుకలో పడిన చక్రం గాడిని గాలి పూడ్చదు, వాన ఇంకా లోతు చేస్తుంది. గ్లామిస్‌లో చెల్లేది భీమిలిలో చెల్లదు.

రాత్రి బస

టెంటు దిబ్బ మీదో దిబ్బ వెనకనో వేసుకుంటే ఫోటో బాగా వస్తుంది, నిద్ర రాదు. శిఖరం మీంచి గెంతే ఇసుకంతా వెనక వైపే పడుతుంది. పక్కనున్న గట్టి చదునే బస చేయదగ్గ చోటు. ఎండిన వాగు అడుగున కూడా వద్దు, ఎక్కడో కొండల్లో కురిసిన వాన చుక్క పడని చోటికి వరదై వస్తుంది. గాలి వీచేటప్పుడు ఇసుక పొర మామూలుగా మోకాలి ఎత్తులోపే పారుతుంది. గట్టి నేల మీద రేణువులు ఎక్కువ ఎత్తుకు గెంతి మీటరు పైకి కూడా లేస్తాయి. పెద్ద బండిని గాలికి అడ్డంగా నిలబెట్టి, దాని చాటున టెంటు వేసి, గుమ్మం గాలికి ఎదురుగా లేకుండా చూసుకోవాలి.

మామూలు గూటాలు ఇసుకలో నిలవవు. ఇసుక పట్టు దాని పైనున్న బరువును బట్టి ఉంటుంది కాబట్టి పై జానెడులో పట్టు దాదాపు లేనట్టే. చిన్న సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున అడ్డంగా పాతిపెడితే కదలదు. లోతు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కంటే ఎక్కువే పెరుగుతుంది.

చలిమంట గురించి గట్టిగా చెప్పాలి. మంట ఆర్పడానికి నిప్పుల మీద ఇసుక కప్పి పడుకునేవాళ్ళు చాలామంది. అది ఆర్పడం కాదు, దాచడం. పొడి ఇసుక వేడిని బయటికి పోనివ్వదు, రేణువుల సందుల్లోంచి కొంచెం గాలి మాత్రం అందుతూనే ఉంటుంది. నిప్పులు మర్నాటి దాకా లోపల కణకణలాడుతుంటాయి, పైకి మామూలు ఇసుకలా కనిపిస్తుంది. పొద్దున్నే చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లలు అక్కడే కాళ్ళు కాల్చుకుంటారు. ఇనప పళ్ళెంలో మంట వేసుకోండి, నీళ్ళు పోసి కలిపి చెయ్యి పెట్టి చూసేదాకా ఆరిందని నమ్మకండి, బూడిద వెంట తీసుకెళ్ళండి. మేకులున్న పాత చెక్కలు కాల్చకండి. చెక్క కాలిపోతుంది, మేకులు ఇంకొకరి టైరు కోసం మిగులుతాయి.

పగటి వేడి చూసి దుప్పట్లు తగ్గించకండి. పొడి గాలిలో నీటి ఆవిరి తక్కువ కాబట్టి నేల వేడి రాత్రి అడ్డు లేకుండా ఆకాశంలోకి పోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 5 డిగ్రీలకు దిగడం మామూలే. ఒంటి కింద మందపాటి చాప లేకపోతే పైన ఎన్ని కప్పుకున్నా చలే. చలని గ్యాసు హీటరు టెంటులోకి తీసుకెళ్ళడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రపోతున్నవాళ్ళను అది లేపదు. జనరేటరు పొగ కూడా టెంట్ల వైపు రాకుండా చూసుకోవాలి.

తాగునీరు మనిషికి రోజుకు 4 లీటర్లు కనీసం, వంటకూ కడుక్కోవడానికీ వేరే. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. ఒకే పెద్ద డ్రమ్ములో కాకుండా చిన్న క్యాన్లలో వేర్వేరు బండ్లలో పెట్టండి, ఒకటి పగిలినా ఇంకొకటి ఉంటుంది. పెట్రోలు రోడ్డు లెక్క ప్రకారం వేసుకోకండి, మెత్తటి ఇసుకలో బండి దాదాపు రెట్టింపు తాగుతుంది. తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కేముందు కంప్రెసర్‌తో గాలి మళ్ళీ నింపడం మరవొద్దు. 15 పీఎస్‌ఐ టైరు తారు రోడ్డు వేగానికి మడతపడి మడతపడి కాగిపోయి పగులుతుంది. పంక్చరు షాపు అతని మాట అక్కడ అక్షరాలా నిజం.

గల్ఫ్‌లో లివా దిబ్బలకు వెళ్ళే మనవాళ్ళకైనా, జైసల్మేరు దగ్గర సమ్ దిబ్బలకు వెళ్ళేవాళ్ళకైనా అనుమతులు, కాలాలు మారతాయి గానీ ఇసుక లెక్కలు మారవు. ఒంటరి బండితో లోపలికి పోవద్దన్నది అన్నిచోట్లా ఒకటే. దిబ్బల మధ్య ఫోను సిగ్నలు నమ్మదగ్గది కాదు, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒకటి ఉంటే మేలు. గ్లామిస్‌కు దగ్గర్లోని బ్రాలీ అనే ఊరే 40 కిలోమీటర్లకు పైగా ఉంది, ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయం దానికి తగ్గట్టే ఉంటుంది. వెళ్ళేముందు ఇంట్లో ఉండేవాళ్ళకు ఒక కాగితం రాసివ్వండి. ఎక్కడ బస, ఎన్ని బండ్లు, వాటి నంబర్లు, ఎవరెవరు వెళ్తున్నారు, ఏ రోజు ఎన్ని గంటల దాకా మీ నుంచి కబురు రాకపోతే షెరీఫ్ కార్యాలయానికి ఫోను చేయాలి, ఆ ఫోను నంబరుతో సహా.